రెండు చుట్టల సేపు

నా చిన్నప్పుడు నాకంటే బుద్ధిహీనుడు మా పల్లెలో ఇంకొకడు లేడని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అరవై తొమ్మిదేళ్లు వచ్చేసరికి సిగ్గు కూడా మోకాళ్ల మాదిరే అరిగిపోతుంది. ఒక దుర్భిణి మీది ఆశతో ఒక మధ్యాహ్నమంతా బండ మీద కదలకుండా కూర్చున్నాను. కూర్చోవడం తప్పు కాదు. లేవాల్సిన సమయానికి లేవలేదు, అదే తప్పు. దుర్భిణి, దుర్బుద్ధి ఒకే అక్షరంతో మొదలవుతాయని బడిలో నేర్చుకున్నాను గానీ, రెండూ ఒకే సంచీలో వస్తాయని ఏ పంతులూ చెప్పలేదు.

ఇన్నేళ్లకు ఇది మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా పోస్టుమాస్టరు. ఉద్యోగం దిగిపోయాక ఆయనా నేనూ వారంలో రెండు మూడు రోజులు పొద్దున్నే కంభం చెరువు కట్ట మీదికి పిట్టల్ని చూడడానికి పోతుంటాం. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. ఈమధ్య ఆయనొక కొత్త దుర్భిణి తెప్పించుకున్నాడు. అరచేతిలో ఇమిడిపోతుంది, వానలో తడిసినా ఏమీ కాదు, వెలుగు సరిగ్గా రాకముందే పిట్ట రెక్క మీది చారలు చూపిస్తుంది. నాది యాభై ఏళ్లు దాటిన ఇనుపముద్ద. "అన్నా, ఆ తూకంరాయిని ఇంకా ఎన్నాళ్లు మెడకేసుకొని తిరుగుతావు? నువ్వూ ఇట్లాంటిదొకటి తెప్పించుకో. నమ్మకం లేకపోతే వారం వాడి చూడు" అని తనది నా చేతిలో పెట్టినాడు. వారం వాడాను. ఏం తేల్చుకున్నానో చెబుతాను. ముందు ఈ తూకంరాయి నా మెడలోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మాది అర్ధవీడు దగ్గర, కొండవాలు కింద ఒక చిన్న పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ తర్వాత జిల్లాలు మారాయి గానీ ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది. మా తాత అడవిశాఖలో గార్డుగా చేసి దిగిపోయినవాడు. ఎడమచేతి వాటం మనిషి. మాట తక్కువ, చుట్ట ఎక్కువ. ఆయన దగ్గర రెండు దుర్భిణీలు ఉండేవి. ఒకటి చిన్నది, పాతది. దాని ఒక గొట్టంలో బూజు పట్టి, మనుషులు మబ్బుల్లా, మబ్బులు గొర్రెల్లా కనిపించేవి. రెండోది పెద్దది. బదిలీ అయిపోతున్న ఆఫీసరు ఒకాయన మా తాత చేతిలో పెట్టి పోయినాడట. అది తోలుసంచీలో, దూలానికి కొట్టిన మేకుకు వేలాడేది. దాన్ని ముట్టుకోవడానికి మా నాయనకు కూడా అనుమతి లేదు.

నాకు పది పదకొండేళ్లు. సెలవుల్లో మా గొర్రెలు నా వంతు. తాత పాత దుర్భిణి నా మెడలో వేసి, "ఇది కాళ్లకు బదులు కాదురా" అని చెప్పి పంపినాడు. నేను దాన్ని సరిగ్గా కాళ్లకు బదులే వాడాను. వాలులో ఒక పెద్ద బండ ఉండేది. దాని మీద కూర్చుంటే కింద మా ఇల్లు, ఇంటి వెనక కళ్లం, అవతల కంభం రోడ్డు మీద పోయే బస్సు, అన్నీ కనిపించేవి. గొర్రెల వెంట తిరిగే పని తప్పిందని మురిసిపోయాను. కళ్లు నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అక్షరాలా తెలిసిన రోజులవి.

ఒకనాడు నేను బస్సును చూస్తుండగా నాలుగు గొర్రెలు పక్కచేని సజ్జలోకి పడ్డాయి. ఆ చేని పెద్దమ్మ సాయంత్రం మా గడపలో నిలబడి, "మీ గొర్రెలకు నా చేనే దొరికిందా నాయనా? మీ పిల్లోడు బండ మీద దొర మాదిరి కూచోనుంటే నేను ఈడ కట్టె పట్టుకొని ఉరకాల్నా?" అని దులిపింది. నేను వెంటనే నేరమంతా పాత దుర్భిణి మీదికి తోశాను. మసకగా ఉంది, ఏది గొర్రో ఏది రాయో తెలియడం లేదు, పెద్దదైతే ఇట్లా జరిగేదే కాదు అన్నాను. ఆ తర్వాత పదిహేను రోజులు అదే పాట. అన్నం ముందు అదే, పడుకునే ముందు అదే.

చివరికి తాత చుట్ట పక్కకు తీసి, "సరే, తేలుద్దాం" అన్నాడు. పందెం ఆయనే చెప్పినాడు. వచ్చే ఆదివారం నేను బండ మీద కూర్చోవాలి. ఆయన కళ్లంలో ఏదో ఒక పని చేస్తుంటాడు. పొద్దున చిన్నదానితో, మధ్యాహ్నం పెద్దదానితో చూడాలి. పొద్దు వాలినాక ఇంటిల్లిపాది ముందర నేను చూసిందంతా వరసగా చెప్పాలి. పెద్దదానితో చూసింది ఒక్కటీ వదలకుండా చెబితే అది నాదే. "మధ్యలో బండ దిగితే మాత్రం ఓడిపోయినట్టే" అన్నాడు. ఆ షరతు విని లోపల నవ్వుకున్నాను. కదలకుండా కూర్చోవడంలో నన్ను ఓడించేవాడు ఆ చుట్టుపక్కల ఎవడున్నాడు?

ఇక్కడ బొల్లిగాడి సంగతి చెప్పాలి. వాడొక గొర్రెపొట్టేలు పిల్ల. నుదుటి మీద తెల్లటి బొల్లి ఉండేది. పుట్టిన రెండోరోజే తల్లి చచ్చిపోతే, ఆవుపాలలో గుడ్డపేలిక ముంచి నేనే వాడి నోట్లో పెట్టి పెంచాను. నా వెంటే తిరిగేవాడు. నేను బడిలో కూర్చుంటే గోడ బయట నిలబడి అరిచేవాడు. పంతులు నా పేరుకు ముందు వాడి పేరే పిలిచి హాజరు వేసేవాడు. బండ మీద కూర్చున్నప్పుడు నా మోచేతిని తలతో పొడిచేవాడు. ఆ ఆదివారం మోచేయి కదిలితే బొమ్మ చెదురుతుందని, వాణ్ని ఇంటి దగ్గరే కట్టేసి పోయాను. ముడి వేసింది నేనే. గట్టిగానే వేశాను.

పొద్దున చిన్న దుర్భిణితో చూసింది చెప్పడానికి ఏమీ లేదు. కళ్లంలో ఎర్రగా ఏదో ఊగింది. పొడుగ్గా ఏదో వంగింది. ఎర్రది మా అవ్వ ఆరేసిన చీర అనీ, వంగింది మా తాత అనీ తర్వాత తెలిసింది. మధ్యాహ్నం బండ మీదే సద్ది తిని, తాత పొద్దున్నే ఇచ్చి పంపిన పెద్దది మెడలో వేసుకున్నాను. కళ్లకు ఆనించుకొని, నడుమ ఉన్న చక్రం మెల్లగా తిప్పాను.

ఆ క్షణాన్ని ఇన్నేళ్ల తర్వాత కూడా నేను తక్కువ చేసి చెప్పలేను. మసకలోంచి మా కళ్లం లేచి వచ్చి నా ఒళ్లో కూర్చుంది. తాత చొక్కాకు ఊడిపోయిన గుండీ కనిపించింది. కోడిపిల్ల గరికపోచను లాగుతుంటే పోచ సాగడం కనిపించింది. అవ్వ చేటలో కందులు చెరుగుతుంటే, పైకి లేచిన పొట్టు గాలిలో తిరగడం కనిపించింది. ఇంతకాలం నాకు కళ్లు ఉన్నాయని అనుకున్నానే తప్ప నిజంగా లేవనిపించింది.

కాసేపటికి తాత కొట్టంలోకి పోయి బొల్లిగాణ్ని పట్టుకొచ్చినాడు.

ఆ సాయంత్రం మా మేనత్త మెట్టినింటివాళ్లు బేస్తవారిపేట వైపు నుంచి వస్తున్నారని నాకు తెలుసు. ఏదో ఒకటి కోస్తారనీ తెలుసు. దొడ్డిలో ముసలి పొట్టేళ్లు రెండు ఉన్నాయి కాబట్టి వాటిలో ఒకటి అనుకున్నాను. తాత బొల్లిగాణ్ని వేపమొద్దుకు కట్టినాడు. తాడుకు నేను వేసిన ముడి ఇంకా అట్లాగే ఉంది. బిందెతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టినాడు. లోపలికి పోయి కత్తి తెచ్చినాడు. రాతి మీద నీళ్లు చల్లి కత్తిని ఎడమచేత్తో నూరినాడు. బొల్లిగాడు ఆయన మోకాలిని తలతో పొడిచినాడు, ఆడుకుందామని.

తర్వాత తాత కత్తిని బిందె మూత మీద పెట్టి, మొద్దు మీద కూర్చొని చుట్ట ముట్టించినాడు. బండ వైపు తల ఎత్తినాడు. అద్దంలో ఆయన ముఖం ఎంత దగ్గరికి వచ్చిందంటే, పొగ నా మీదికే వదిలినట్టనిపించి తల వెనక్కి తీసుకున్నాను. ఆయన కళ్లు సూటిగా నా కళ్లలోకి చూస్తున్నాయి. నా కళ్లు మాత్రం ఆయనకు కనిపించవు, ఆయనకు కనిపించేది ఒక బండ, దాని మీద ఒక చుక్క. మధ్యమధ్యలో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వాలు మీది బాటను కింది నుంచి పైదాకా చూసినాడు.

మొదటి చుట్ట అయిపోయింది. రెండోది ముట్టించినాడు.

బండ నుంచి కళ్లం చూపుకు దగ్గరే గానీ, బాట వాలంతా చుట్టి దిగుతుంది, పరుగెత్తితే పావుగంట. అది నాకు తెలుసు. ఆ సేపంతా నేను ఏం చేశానో రాయడానికి చాలా ఏళ్లు భయపడ్డాను. గుర్తుపెట్టుకుంటున్నాను. అగ్గిపెట్టె కుడిజేబులోంచి తీసినాడు. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది వెలిగింది. బొల్లిగాడు ఒకసారి పడుకొని మళ్లీ లేచినాడు. రాత్రికి చెప్పేటప్పుడు ఏదీ తప్పిపోకూడదని పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటున్నాను. తాత నన్ను ఏడిపిస్తున్నాడు, చెయ్యడులే అని ఒకసారి అనిపించింది. దిగి ఉరుకుదామని కూడా అనిపించింది, కాదనను. వెంటనే దూలానికి వేలాడే తోలుసంచీ కళ్ల ముందుకొచ్చింది. బండ దిగితే ఓడిపోయినట్టే కదా.

రెండో చుట్ట నేలకేసి కాలితో నలిపి తాత లేచినాడు.

శబ్దం ఏమీ రాలేదు. దుర్భిణికి కళ్లే గానీ చెవులుండవు. ఎదుట, చెయ్యి చాపితే అందేటంత దగ్గర, అంతా నిశ్శబ్దంగా జరిగింది. ఏ కాలు చివరిదాకా కదిలిందో చూశాను. అది కూడా గుర్తుపెట్టుకున్నాను. నేను ఒక్కసారి చెయ్యి చాపాను. చేతికి గాలి తగిలింది.

దీపాలు పెట్టే వేళకు చుట్టాలు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. తాత నన్ను నడుమ నిలబెట్టినాడు. నేను చెప్పాను. గుండీ దగ్గర మొదలుపెట్టి, కోడిపిల్ల, కందిపొట్టు, తాడు, ముడి, బిందె, కత్తి, అన్నీ వరసగా చెప్పాను. కళ్లకు కట్టినట్టు చెప్పాడు అంటారే, అట్లా. సగంలోనే మా అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, "చాల్లేరా, ఇంక ఆపు" అంది.

"చెప్పనీయే. పందెం" అన్నాడు తాత. తర్వాత నన్ను అడిగినాడు. "ఎన్ని చుట్టలు తాగినా?"

"రెండు."

"రెండు యెందుకు తాగినా?"

అది అద్దంలో కనిపించలేదు.

"అది సూడలేదే నువ్వు. నీ కోసమేరా కూచున్నింది. పావుగంట పరుగు. ఉరికొచ్చి తాడిప్పుకుంటాడులే, ముసలి పొట్టేల్ని కోద్దాం అనుకున్నా. ఒక చుట్ట అయిపాయ. పిల్లోడు ఏడైనా రాయి తట్టుకొని పడినాడేమో, ఇంకో చుట్ట సూద్దాం అని రెండోది ముట్టించినా. బాట మీద నీ నీడ గూడా పళ్లేదు."

చుట్టాల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మా నాయన నేలకేసి చూస్తున్నాడు. తాత లోపలికి పోయి, నేను రాగానే తిరిగిచ్చిన పెద్దదాన్ని దూలం మీది తోలుసంచీతో సహా తీసుకొచ్చి, అందరి ముందరా నా మెడలో వేసినాడు. "బాగా సూసినావురా. ఒక్కటి గూడా తప్పలే. పందెం పందెమే. ఇది నీదే."

ఆ బరువుకు నా మెడ వంగింది. అప్పుడు వంగిన మెడ ఇప్పటికీ సరిగ్గా లేవలేదని మా ఆవిడ అంటుంది, డాక్టరు మాత్రం అది ఎముకల అరుగుదల అంటాడు. ఆ సాయంత్రం అవ్వ నా ముందర కూడా కంచం పెట్టింది. తిన్నాను. ఈ ఒక్క సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మూడురోజులు దుర్భిణి ముట్టుకోలేదు. నాలుగో రోజు మెడలో వేసుకొని బండెక్కాను. ఇది కూడా చెప్పలేదు.

తాత చేసింది క్రూరం. పదేళ్ల పిల్లవాడికి అట్లా పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు, గొర్రెపిల్లను పలకగా వాడుకొని రాసే హక్కు అసలే లేదు. నిజంగా నేను ఉరికొస్తే తాడు విప్పేవాడేనా అన్నది కూడా నాకు తెలియదు. విప్పేవాడని కొన్ని రోజులు నమ్ముతాను, అప్పుడు నా మీద నాకు అసహ్యం వేస్తుంది. అబద్ధమని కొన్ని రోజులు నమ్ముతాను, అప్పుడు నిద్ర పడుతుంది.

ఇక పోస్టుమాస్టరు దుర్భిణి సంగతి. వారం వాడాను అన్నాను కదా. పోల్చి చూస్తే నా ఇనుపముద్ద ఏ విధంగానూ దానికి సాటి రాదు. శుక్లాలు తీయించుకున్న నా కంటికి ఆ తెల్లవారుజాము వెలుగులో అది చూపించింది నాది చూపించలేదు. బరువు పావువంతు కూడా లేదు. చూసే మేర వెడల్పు, అంచుల దాకా స్పష్టం. కొనదలుచుకున్నవాడికి ఇన్ని చాలు. ఏడోరోజు దాకా కొనేద్దామనే అనుకున్నాను.

ఏడోరోజు చెరువు ఎండిన వైపు, మామూలుగా నా దుర్భిణికి అందనంత దూరంలో, నేల మీద గుడ్లు పెట్టుకున్న తీతువు ఒకటి కనిపించింది. దాని కంటి చుట్టూ ఉన్న ఎర్రరంగు కూడా తెలుస్తోంది. దాని వైపు ఒక కుక్క వస్తోంది. తీతువు లేచి అరుస్తూ కుక్క తల చుట్టూ తిరుగుతోంది. నోరు తెరుచుకోవడం కనిపిస్తోంది గానీ అరుపు వినిపించడం లేదు. అంతే, నేను కట్ట దిగి పరుగెత్తాను. అరవై తొమ్మిదేళ్ల మనిషి పరుగును పరుగు అనడం ఆ మాటకే అవమానం. చప్పట్లు కొడుతూ, హే హే అని అరుస్తూ, తుమ్మకంపలో పంచె చించుకుంటూ పోయి, సగం దూరంలో బోర్లా పడ్డాను. నేను లేచేసరికి కుక్క పని అయిపోయింది. అది మూతి నాక్కుంటూ నన్ను చూసిన చూపు నాకు బాగా పరిచయమే. పోస్టుమాస్టరు రొప్పుకుంటూ వచ్చి, మొదట తన దుర్భిణికి అంటిన మట్టి తుడిచి, ఆ తర్వాత నన్ను లేపినాడు.

కట్ట మీద కూర్చోబెట్టి మోకాలికి నీళ్లు పోస్తూ, "ఏమైందన్నా నీకు, పిట్టగుడ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" అన్నాడు. అప్పుడు ఆయనకు బొల్లిగాడి కథ చెప్పాను, కంచం సంగతి తప్ప. కొత్త దుర్భిణి వద్దని కూడా అప్పుడే చెప్పాను. అది మంచిది కాక కాదు, నా మోకాళ్లకు మించిన మంచిది. దూరాన్ని దగ్గరగా చూపిస్తుంది గానీ దగ్గరికి తీసుకుపోదు. నా కాళ్లు ఎంతవరకు పోగలవో నా చూపు కూడా అంతవరకే ఉంటే చాలు. నీ కాళ్లు బాగున్నాయి, నువ్వు వాడుకో అన్నాను. ఆయన తన కాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత అడిగినాడు, "మరి ఆ ముసలాయన మీద ఎప్పుడైనా కసి తీర్చుకున్నావా అన్నా?"

తీర్చుకున్నాను.

నేను గిద్దలూరులో చదువుతున్న రోజుల్లో తాతకు దగ్గు పట్టుకుంది. మార్కాపురం డాక్టరు చుట్ట ముట్టుకోవద్దన్నాడు. తాత ఇంటిల్లిపాది ముందర అవ్వ తల మీద చెయ్యి వేసి మానేస్తానని ఒట్టు పెట్టినాడు. ఆ వేసవి సెలవుల్లో నేను పెద్ద దుర్భిణితో అదే బండ మీద కూర్చొని ఉండగా, తాత కళ్లంలోని వేపమొద్దు దగ్గరికి వచ్చినాడు. అటూ ఇటూ చూసి తలగుడ్డ మడతలోంచి చుట్ట తీసినాడు. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. కదలకుండా కూర్చొని చూశాను. ఒకటి అయిపోయింది. దగ్గినాడు. మొద్దును పట్టుకొని నిలబడి చాలాసేపు దగ్గినాడు. కూర్చొని రెండోది ముట్టించినాడు.

సాయంత్రం అన్నాల దగ్గర నేను లేచి నడుమ నిలబడి అంతా చెప్పాను. తలగుడ్డ, ఏ మడత, ఏ చెయ్యి, ఎన్ని పుల్లలు, ఎన్నిసార్లు దగ్గు. అవ్వ తన తలను ఒకసారి తడుముకొని, లేచి, ఆయన దాచుకున్న చుట్టల కట్ట వెదికి తెచ్చి పొయ్యిలో పెట్టింది. ఆ తర్వాత నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన తిన్న కంచం కూడా నేనే తీయాల్సి వచ్చింది.

ఆ చుట్టలు కాలుతున్నంతసేపూ తాత తల దించుకునే ఉన్నాడు. తల ఎత్తకుండానే, "బాగా సూసినావురా. ఒక్కటి గూడా తప్పలే" అన్నాడు.

ఆ మాట కోసమే ఎనిమిదేళ్లు కాచుకొని ఉన్నవాడిలా అడిగాను, "రెండోది ఎందుకు ముట్టించినావు తాతా?"

తల ఎత్తి నన్ను చూసినాడు. "బండ మీద అద్దం తళుక్కుమనింది. నువ్వేనని తెలుసు. దిగొచ్చి లాక్కుంటావేమోనని సూసినా."

ఆ పొద్దు కూడా బాట మీద నా నీడ పడలేదు. ఇప్పుడు చెరువుకు బయలుదేరేటప్పుడు ముందు బూట్ల తాళ్లు గట్టిగా బిగించుకుంటాను. దుర్భిణి ఆ తర్వాతే మెడలో వేసుకుంటాను.